తట్ట కింది వెన్ను

కేశనకుర్రు వీధుల్లోకి ముందు బంగారమ్మ కేక వచ్చేది. దాని వెనక చేపల వాసన, ఆ తర్వాత మనిషి. "చేపలోయ్... పండుగప్పలూ, పీతలోయ్..." అని ఆమె కాలవ వంతెన దిగకముందే అరిస్తే, ఆ కేక కొబ్బరితోటల్లోంచి సాగి సాగి చివరి ఇంటి దొడ్డి దాకా వెళ్ళేది. ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని దొడ్డిగుమ్మంలోకి వచ్చేసరికి పిల్లులు అప్పటికే వచ్చి కూర్చునుండేవి.

ఆమెది ఐ.పోలవరం మండలంలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న పల్లిపాలెం. పుట్టిన ఏడాది ఎవరికీ గుర్తులేదు గానీ, ఎనభయ్యారు వరదలకి ఇల్లు వదిలి గట్టెక్కినప్పుడు కొడుకు చంకలో ఉన్నాడని చెబుతుంది. ఆ లెక్కన ఇప్పుడు అరవై దాటి నాలుగైదేళ్ళు. పెనిమిటి ముత్యాలరాజు తొంభయ్యారు తుఫానప్పుడు వేటకి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. పడవ చెక్క కూడా దొరకలేదు. అప్పటిదాకా ఆమె మొగుడు తెచ్చిన చేపల్ని రేవులోనే అమ్మేసేది. ఆ తర్వాత రేవులో వేలంపాటకి నిలబడి, తనే చేప కొని, తట్టకెత్తుకుని ఊళ్ళ మీద పడింది.

తట్టంటే మామూలు తట్ట కాదు. అడుగున చేపలు, వాటి మీద ఐసు, ఐసు మీద తడి గోనెపట్టా, దాని మీద కత్తిపీట. పక్కన ఇంకొకరు చెయ్యి వేస్తేగానీ నెత్తికెక్కేది కాదు. నెత్తిమీది చుట్టకుదురు మీద ఒకసారి కుదురుకుందంటే మాత్రం దాన్ని మళ్ళీ పట్టుకునే పనిలేదు. రెండు చేతులూ ఊపుకుంటూ, దారిలో ఎదురైనవాళ్ళతో కబుర్లాడుతూ, కేశనకుర్రు మీదుగా మురమళ్ళ దాకా నడిచేది. ఆ నడక చూసి, సైకిళ్ళ మీద వెళ్ళే మగవాళ్ళు కూడా కాస్త పక్కకి తప్పుకునేవారు.

తుఫాను తర్వాత మొదటిసారి తట్టెత్తుకుని వచ్చిన రోజున ఆమెకి కేక వెయ్యడం చేతకాలేదు. వీధి పొడుగునా ఊరికే నడిచి వెళ్ళిపోతుంటే, పెంకుటింటి అరుగు మీద నుంచి భవానీదేవి చూసింది. ఆ ఊళ్ళో వరిచేలూ కొబ్బరితోటా ఉన్న ఇల్లు ఆమెది.

"ఏవమ్మోయ్, చేపలమ్ముతున్నావా, ఊరేగుతున్నావా? నోరు విప్పకపోతే లోపలున్నవాళ్ళకెలా తెలుస్తుందీ?" అంది.

బంగారమ్మ అక్కడే నిలబడి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఒక కేక వేసింది. ఆ కేకలో ఏడుపు కూడా కలిసిపోయింది. భవానీదేవి కిందకి దిగి వచ్చి తట్ట దించడానికి చెయ్యి వేసింది. అప్పటినుంచీ బంగారమ్మ ఆఖరి మజిలీ ఆ ఇంటి దొడ్డే. అక్కడ కొళాయి దగ్గర చేపలు కోసి, కడిగి, ఆవిడిచ్చిన మజ్జిగ తాగి, కాసేపు కూర్చుని ఇంటి ముఖం పట్టేది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోని సంగతి లేదు.

ముందటేడు చీరమేను చేపపిల్లలు దొరికే రోజుల్లో ఒక పొద్దున, రేవులో తట్ట ఎత్తుకోబోతుంటే, బంగారమ్మకి నడుముకి కాస్త పైన చిటుక్కుమంది. కళ్ళు బైర్లు కమ్మాయి. తట్ట వదలలేదు గానీ అడుగు మాత్రం పడలేదు. "నడుం పట్టేసిందే" అని కూడా ఉన్న కనకరత్నంతో చెప్పి, ఆ పూట చేపలు అక్కడే ఎవరికో ఇచ్చేసింది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు సూదిమందు వేశాడు. కోడలు లక్ష్మీతులసి వేడినీళ్ళ కాపడం పెట్టింది. పక్కకి తిరిగి పడుకోవాలన్నా ప్రాణం పోయినంత పని అయ్యేది. మూడు వారాలకి నొప్పి తగ్గింది. తగ్గిందంటే, ఉందన్న సంగతి ఆమె మర్చిపోయింది. మళ్ళీ తట్ట ఎత్తింది.

ఆ తర్వాత చిన్న చిన్న మార్పులు వచ్చాయి. ఎప్పుడూ కట్టే చీరలే, కుచ్చిళ్ళు నేలకి రాయడం మొదలుపెట్టాయి. గోడకున్న చెక్క మీద ఉప్పుడబ్బా అందుకోవాలంటే మునివేళ్ళ మీద లేవాల్సొచ్చేది. రవికలు వెనక పైకి లాగేసినట్టు, ముందు వదులైనట్టు ఉండేవి. నాలుగు ముద్దలు తింటే కడుపు నిండిపోయేది. ఇవన్నీ ఒకదానికొకటి సంబంధం ఉన్నవని ఆమెకే కాదు, ఇంట్లో ఎవరికీ తట్టలేదు. "పెద్దదాన్నైపోయాను కదా" అనుకుంది. ఆ మాట అనుకున్నాక ఇంక ఆలోచించడానికేమీ మిగల్లేదు.

నిరుడు వానాకాలంలో భవానీదేవి దొడ్లో నాచు మీద కాలుజారి పడింది. కుడిచెయ్యి మణికట్టు విరిగింది. అమలాపురంలో పిండికట్టు వేశారు. కట్టు విప్పేరోజున, ఎముకల బలం కూడా చూడాలి, తోడుగా ఎవరినైనా తీసుకుని రమ్మని డాక్టరుగారు చెప్పారు. కొడుకు నాగసతీష్ కోతలకి మనుషుల్ని కుదుర్చుకునే హడావిడిలో ఉన్నాడు. కోడలు స్కూల్లో టీచరు. "మీరెవరూ రావద్దు, నాకు బంగారం తోడుంటుంది" అని భవానీదేవి కారు మాట్లాడించుకుంది. ఆ ఒక్కరోజుకీ బంగారమ్మ రేవుకి వెళ్ళకుండా, నూనె రాసుకుని తల దువ్వుకుని, పెట్టెలోని ఆకుపచ్చ నేత చీర కట్టుకుని వచ్చింది.

డాక్టర్ విజయదుర్గకి నలభై ఏళ్ళుంటాయి. హడావిడి లేని మనిషి. భవానీదేవి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. ఎముకల సాంద్రత చూసే మెషిన్ మీద పడుకోబెట్టి పరీక్ష చేయించింది. తిరిగొచ్చాక, గోడ దగ్గర నిలబెట్టింది.

"మడమలూ వీపూ గోడకి ఆనించండి. ఇప్పుడు తల ఆనుతుందా చూడండి."

భవానీదేవి తల వెనక్కి తేలిగ్గా ఆనింది.

"బావుందండి. ఎముక కాస్త పల్చబడింది గానీ వెన్ను నిటారుగానే ఉంది. మాత్రలు రాస్తాను, నడక మానకండి" అంది డాక్టరమ్మ.

భవానీదేవికి హుషారొచ్చింది. "ఓసి బంగారం, నువ్వూ నిలబడు ఓసారి. మా ఊళ్ళో దీని నడక చూడాలండీ డాక్టరుగారూ, తాటిచెట్టులా ఉంటుంది!"

"నాకెందుకండి అమ్మగారూ" అంటూనే బంగారమ్మ నవ్వుకుంటూ వెళ్ళి గోడకి ఆనుకుంది. మడమలు ఆనించింది. వీపు ఆనించింది. తల వెనక్కి వాల్చింది. గోడ తగల్లేదు. ఇంకాస్త వాల్చింది. గడ్డం పైకి లేచి చూపు పైకప్పుకి ఉన్న ఫ్యాను మీదకి పోయింది గానీ తల మాత్రం గోడని చేరలేదు. భవానీదేవి నవ్వడం ఆపేసింది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి, ఆమె తలకీ గోడకీ మధ్య అరచెయ్యి పెట్టింది. చెయ్యి పట్టి ఇంకా చోటు మిగిలింది.

"మీరేం పని చేస్తారమ్మా?"

"చేపలమ్ముతానండి. నెత్తిమీద తట్టండి."

"ఈమధ్య ఎత్తేమైనా తగ్గేరా?"

"తగ్గడానికి నేనేమన్నా ఐసుముక్కనా అండీ?" అంది బంగారమ్మ. అన్నాక కుచ్చిళ్ళ సంగతీ ఉప్పుడబ్బా సంగతీ గుర్తొచ్చి ఆగిపోయింది.

డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. నడుం నొప్పి ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది, ఎన్నాళ్ళుంది. వీపు మీద వేలితో ఒక్కొక్క పూసా నొక్కుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. అక్కడ నొక్కితే బంగారమ్మ "అబ్బా" అంది. పక్క గదిలో ఎక్స్‌రే తీయించుకుని రమ్మంది. బంగారమ్మ వద్దంటుంటే భవానీదేవే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

చల్లటి బల్ల మీద పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకోమన్నారు. "ఊపిరి బిగపట్టండి" అన్నారు. "వదలండి" అన్నారు. అంతే.

కంప్యూటరు తెర మీద బొమ్మ వచ్చింది. నల్లటి నీళ్ళలో తెల్లటిదేదో నిలబడినట్టుంది. బంగారమ్మ దగ్గరకి వెళ్ళి చూసింది.

"చేప నడిముల్లండి ఇది" అంది.

"అదేనమ్మా. మీ వెన్నెముక. పక్కనించి తీసిన ఫొటో." డాక్టరమ్మ పెన్ను మొనతో పైనుంచి కిందకి చూపించుకుంటూ వచ్చింది. "ఈ పూసలు చూడండి, పేర్చిన ఇటుకల్లా పలకగా ఉన్నాయి కదా. ఇదీ బాగానే ఉంది. ఇదీ బాగానే ఉంది. ఇప్పుడు ఇది చూడండి."

అక్కడ ఒక పూస ముందువైపు నలిగి పల్చబడిపోయింది, వెనకవైపు మాత్రమే మందంగా ఉంది. దాని కిందది కూడా మధ్యలో పల్లం పడి ఉంది.

"ఇవి రెండూ విరిగేయమ్మా."

బంగారమ్మ నమ్మలేదు. "విరగడమేంటండీ, నేను పడందే! ఆవిడగారు పడ్డారండి. నేనెక్కడా పడలేదు."

"చెయ్యో కాలో విరిగితే రెండు ముక్కలవుతుంది, మనకి తెలుస్తుంది. వెన్నుపూస అలాగ కాదు. లోపల బలం తగ్గిపోయినప్పుడు బరువుకి కుంగిపోతుంది. పచ్చి మట్టికుండ మీద కూర్చుంటే నలిగినట్టు. ఆ రోజు రేవులో చిటుక్కుమన్నదే, అదే ఇది. ఇంకోటి ఎప్పుడు కుంగిందో మీకే తెలీదు. చాలామందికి తెలీదు."

"మరి ఇంకేటండి చెయ్యడం? జరిగిపోయింది కదండీ?"

డాక్టరమ్మ కుర్చీ ఆమెవైపు జరుపుకుంది. "ఈ ఫొటో జరిగిపోయింది ఒక్కటే చెప్పట్లేదమ్మా. జరగబోయేది కూడా చెబుతోంది. ఒక పూస కుంగినవాళ్ళకి ఇంకో పూస కుంగే ప్రమాదం మామూలువాళ్ళకంటే చాలా ఎక్కువ. ఆ తర్వాత తుంటి ఎముక. తుంటి విరిగిందంటే మనిషి మంచం పడుతుంది. అందుకని అది రాకముందే మనం అడ్డం పడాలి. ఎముక గట్టిపడటానికి ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే మందుంది. దానికి ముందు రక్తపరీక్షలు చేయించాలి. కాల్షియం వాడాలి. కొన్ని వ్యాయామాలు నేర్పిస్తాను."

"ఆయ్."

"నెత్తిమీద బరువు మాత్రం ఇంక ఎత్తకూడదు."

"ఎన్నాళ్ళండి?"

"ఇంకెప్పుడూ ఎత్తొద్దమ్మా."

బంగారమ్మ మళ్ళీ ఆయ్ అంది.

తిరుగుదారిలో కారు ముమ్మిడివరం దాటింది. కొబ్బరాకుల నీడలు కారు అద్దం మీద పడి పోతున్నాయి. అప్పుడు బంగారమ్మ అంది: "ఇంటికాడ చెప్పకండమ్మగారూ. ప్రసాదు గాభరా పడిపోతాడు. నేనే మెల్లిగా చెప్పుకుంటాను."

చెప్పలేదు. మర్నాడు మామూలుగానే రేవుకి వెళ్ళింది. తట్టలో కాస్త తక్కువ వేసుకుంటున్నానుగదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. నిజానికి అంత తక్కువేమీ కాదు. మెడ మీద బరువు పడగానే వెన్నులో ఎక్కడో ఆ నలిగిన పూస కళ్ళకి కట్టేది. అయినా నడిచింది. నడవకపోతే ఏమవుతుందో ఆమెకి తెలియదు. తుఫాను తర్వాత ఇన్నేళ్ళలో తట్ట లేకుండా ఆ దారిలో నడిచిన రోజు లేదు.

కేక విని భవానీదేవి దొడ్డిగుమ్మంలోకి వచ్చింది. ఎప్పటిలా తట్ట దించడానికి చెయ్యి వెయ్యలేదు.

"నీకు బుద్ధుందా?"

"ఈ పూటకేనండి అమ్మగారూ."

"నెత్తిమీద తట్ట పెట్టుకుని నా గుమ్మంలోకొస్తే నీ దగ్గర చేప ముట్టను. వెళ్ళు." తలుపు వేసేసింది.

బంగారమ్మకి తలకొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఆ ఇంటి తలుపు తన మొహం మీద పడటం అదే మొదలు. ఆ మర్నాటినుంచి ఆ వీధి వదిలేసి చుట్టుదారిన పోవడం మొదలుపెట్టింది. వీధి చివర నుంచి తన కేక ఆవిడకి వినిపిస్తుందని తెలుసు. కావాలనే ఇంకాస్త గట్టిగా అరిచేది.

వారం గడిచాక ఒక సాయంత్రం పల్లిపాలెంలో ఆటో ఆగింది. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు తలెత్తి చూశారు. భవానీదేవి ఒక చేత్తో ఆటో రాడ్డు పట్టుకుని, జాగ్రత్తగా దిగి, "బంగారమ్మ ఇల్లెక్కడ బాబూ?" అని అడిగింది. ఇన్నేళ్ళ స్నేహంలో ఆవిడ ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. లక్ష్మీతులసి కంగారుగా కుర్చీ తెచ్చి, చీరకొంగుతో తుడిచి వేసింది. బంగారమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మీ అత్త మీకేమైనా చెప్పిందా?" అని భవానీదేవి కోడల్ని అడిగింది. చెప్పలేదని ఆ పిల్ల మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఆవిడ అంతా చెప్పింది. రెండు పూసలు. తుంటి. మంచం. పడవ దగ్గర్నుంచి అప్పుడే వచ్చిన కొడుకు నాగదుర్గాప్రసాదు తడికాళ్ళతో అక్కడే నిలబడి విన్నాడు.

"ఏవమ్మా?" అన్నాడు.

బంగారమ్మకి కోపమొచ్చింది. "వయసు మీదపడితే వంగరేంట్రా ఆడోళ్ళు? మా అమ్మ వంగిపోలేదా? నేలమీద ఏం పోయిందే, ఎతుకుతున్నావు అని ఊరంతా ఏడిపించేవోళ్ళు. ఆవిడకి ఏం ఫొటోలు తీసేరు? ఆవిడేం మందులు తాగింది?"

"మీ అమ్మ ఎలా పోయిందే?" అంది భవానీదేవి.

"ఎలాగేముంది. గడపమీద కూచోబోయి చతికిలబడిపోయింది. తుంటి..." అని ఆగింది.

ఆమె గుమ్మం దగ్గర్నుంచి మెల్లగా దిగి అరుగు మీద కూర్చుంది. అమ్మ కూడా తట్ట మోసింది. ముందు వీపు వంగింది. తర్వాత తిండి తగ్గింది. తర్వాత ఒకరోజు గడప మీద కూర్చోబోతే తుంటి విరిగింది. వానాకాలమంతా మూల మంచంలో మూలిగి, వానలు వెనకబట్టాక పోయింది. చూడొచ్చినవాళ్ళందరూ వయసైపోయిందిగా అన్నారు. తనూ అదే అంది. అప్పటికి అమ్మకి తనకిప్పుడున్న వయసే ఉంటుంది.

"అది వయసు కాదన్నమాటండి" అంది బంగారమ్మ. అడిగినట్టు లేదు, తనలో తను అనుకున్నట్టుంది.

భవానీదేవి కుర్చీ వదిలి వచ్చి అరుగు మీద ఆమె పక్కనే కూర్చుంది. లక్ష్మీతులసి ఇద్దరికీ టీ పెట్టి తెచ్చింది. బంగారమ్మ గ్లాసు పట్టుకుని చేతులు కాలుతున్నా అలాగే కూర్చుంది. ఏడవలేదు. "మా అమ్మ అరుస్తుంటే ఓర్చుకోమని కసిరేదాన్నండి" అని మాత్రం అంది.

రక్తపరీక్షలు బాగానే వచ్చాయి. సెలైన్ ఎక్కించిన రోజున నవ్వుతూ ఇంటికొచ్చింది గానీ మర్నాడు ఒళ్ళంతా చితక్కొట్టినట్టు నొప్పులు, జ్వరం. అలా రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది కనుక ఎవరూ కంగారుపడలేదు. రెండోరోజుకి జ్వరం దిగి, జావ అడిగి తాగింది.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. తట్టనేం చెయ్యాలి?

"నేనెళ్తాను అత్తా" అంది లక్ష్మీతులసి. ఆ పిల్లకి స్కూటీ నడపడం వచ్చు. ముందు ఒక ఐసు పెట్టె, వెనక ఇంకో పెట్టె కట్టుకుంటే చాలంది. బంగారమ్మ నమ్మకం లేకుండానే సరేనంది. మొదటిరోజు ఆ పిల్ల సగం చేపలు తిరిగి తెచ్చేసింది. "మీ అత్తేదీ అంటున్నారు తప్ప కొనట్లేదు" అని మొహం చిన్నబుచ్చుకుంది.

"హారన్ కొట్టుకుంటూ పోయేవా?"

"ఆయ్."

"హారన్ పాలోడూ కొడతాడు, గ్యాసోడూ కొడతాడు. ఎవరొస్తారే?"

ఆ రాత్రి కూడు తినేటప్పుడు ఆమె కోడలికి ఒక్కొక్క ఇల్లూ చెప్పడం మొదలుపెట్టింది. రామాలయం పక్కింటివాళ్ళకి ముళ్ళున్న చేప చూపించకు, వాళ్ళింట్లో పసివాడున్నాడు. పోస్టాఫీసు ఎదురింటాయనకి బొమ్మిడాయిలంటే ప్రాణం, వాళ్ళావిడకి అవి చూస్తేనే ఒళ్ళు జలదరింపు, అందుకని కోసి కడిగి ఇస్తేనే కొంటారు. మేడింటావిడ బేరమాడుతుంది, ఆడనియ్యి, ఆఖర్న రెండు చిన్నచేపలు పడేస్తే పొంగిపోతుంది. భవానీదేవిగారికి పండుగప్ప తల వేరేగా పెట్టాలి, పులుసుకి. అలా రోజూ కొన్ని ఇళ్ళు. లక్ష్మీతులసి నోరు కడుక్కుని వచ్చి మళ్ళీ చెప్పించుకునేది. కేక మాత్రం ఎంత నేర్పినా రాలేదు. సిగ్గుపడిపోయేది. చివరికి బంగారమ్మ కేకని ఫోనులో రికార్డు చేసుకుని, స్కూటీకి చిన్న స్పీకరు కట్టించుకుంది. మొదటిరోజు వీధిలో ఆ కేక వినిపించగానే భవానీదేవి ఈమె మళ్ళీ తట్టెత్తిందనుకుని కర్ర పట్టుకుని మరీ బయటికొచ్చిందని కోడలు చెబితే, బంగారమ్మ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఆమె మాత్రం రేవు మానలేదు. పాటలో చేప చూసి కొనేది ఇప్పటికీ ఆమే. వంగకుండా, మోకాళ్ళ మీద కూర్చుని లేవడం నేర్చుకుంది. పెట్టెలు కోడలూ కొడుకూ ఎత్తుతారు. అక్కడ చేతులు ఖాళీగా ఉండటం మొదట్లో బాగా ఇబ్బందిగా ఉండేది. ఆ ఖాళీలోనే ఆమె తోటి ఆడవాళ్ళని వేరే కళ్ళతో చూడటం మొదలుపెట్టింది. ఎవరి కొంగు ఎక్కడ జారుతోంది, ఎవరి గడ్డం ముందుకొచ్చింది, ఎవరు నడుం పట్టుకుని లేస్తున్నారు.

ఒక పొద్దున పాట ఇంకా మొదలవ్వలేదు. ఆడవాళ్ళు ఐసు షెడ్డు నీడన కూర్చునున్నారు. బంగారమ్మ కనకరత్నాన్ని పిలిచింది. "ఇలారాయే. ఈ గోడకి నిలబడు."

"ఎందుకే, ఫొటో తీత్తావా?"

"తీయిత్తాను, నిలబడు."

కనకరత్నం నిలబడింది. మడమలు, వీపు. తల ఆనలేదు. మిగతావాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. వయసులో ఉన్నవాళ్ళ తలలు టక్కున ఆనాయి. పెద్దవాళ్ళలో కొందరివి ఆనాయి, కొందరివి ఆనలేదు. నవ్వు తగ్గిపోయింది. బంగారమ్మ తన నడిముల్లు ఫొటో సంగతి చెప్పింది. పడకుండానే విరుగుతుందని చెప్పింది. తన తల్లి సంగతి కూడా చెప్పింది. ఆమె తల్లిని ఎరిగున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. అవును, తుంటి విరిగే పోయిందన్నారు వాళ్ళు.

"గోడ చెప్పిందంతా నిజం కాదంట. డాక్టరమ్మ చెప్పేరు, ఫొటో తీత్తేనే తెలుత్తాదంట. నాతో ఎవరొత్తారు?"

ముందు ఎవరూ లేవలేదు. మర్నాడు కనకరత్నం వస్తానంది. ఆమె ఎక్స్‌రేలో ఒక పూస కుంగి ఉంది. కనకరత్నం అక్కడే ఏడ్చేసింది. "ఒకటేనే, నాకు రెండు" అని బంగారమ్మ ఆమె వీపు నిమిరింది. ఆ తర్వాత ఇంకో ముగ్గురు వెళ్ళారు. వాళ్ళలో ఇద్దరికి వెన్ను బాగానే ఉందన్నారు. మూడో ఆమె మందు వాడనంటూ ఇప్పటికీ తట్ట మోస్తూనే ఉంది. బంగారమ్మ ఆమెతో పోట్లాడటం మానలేదు, మాట్లాడటమూ మానలేదు.

ఏడాది తిరిగాక రెండో సెలైన్‌కి పిలిచారు. మళ్ళీ చల్లటి బల్ల, మళ్ళీ ఊపిరి బిగపట్టడం. డాక్టరమ్మ పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టింది. బంగారమ్మ కళ్ళు చికిలించి రెండూ పోల్చింది. నలిగిన పూసలు నలిగినట్టే ఉన్నాయి.

"ఇవి మళ్ళీ నిలబడవండీ?"

"నిలబడవమ్మా. కుంగినవి కుంగినట్టే ఉంటాయి. కానీ పైవీ కిందవీ చూడండి. కొత్తది ఒక్కటీ కుంగలేదు. అదే మనకి కావలసింది."

"ఆయ్. అంతే చాలండి" అంది బంగారమ్మ.

సెలైన్ ఎక్కించి, ఈసారి జ్వరం అంతగా రాదన్నారు. కనకరత్నం తోడొచ్చింది. ఇద్దరూ బస్టాండుకి నడుచుకుంటూ, దారిలో హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్నారు. పడకుండా చూసుకోవడమే సగం మందని డాక్టరమ్మ చెప్పింది. తడి రేవులో జారని, వెనక పట్టీ ఉన్న చెప్పులు తొడుక్కోమంది. బంగారమ్మ పుట్టాక ఎప్పుడూ చెప్పులు తొడగలేదు. చెప్పుల కొట్టువాడు కాలు చూసి, ఇంత వెడల్పు పాదానికి మగవాళ్ళవే సరిపోతాయండి అన్నాడు. "ఇయ్యి బాబూ, మగోళ్ళవైతే ఏం" అని అక్కడే తొడుక్కుంది.

బయటికొచ్చి నాలుగడుగులు వేసి ఆగింది. కాళ్ళకేసి చూసుకుంది. ఇంకో రెండడుగులు వేసింది.

"ఏంటే?" అంది కనకరత్నం.

"నేల తెలవట్లేదే" అంది బంగారమ్మ.

"అలవాటౌద్దిలే. నడు, బస్సొచ్చేత్తంది."

ఇద్దరూ తొందరపడలేదు. బంగారమ్మ కనకరత్నం మోచెయ్యి పట్టుకుని, ఒక్కొక్క అడుగూ చూసి వేసుకుంటూ, రోడ్డు దాటింది.